112వ నంబరు సన్నాయి

పులివెందులలోనో, పక్కనే వేంపల్లెలోనో ఓ ఇల్లు. ఇంటర్ చదివే కుర్రాడు. బల్ల మీద కంప్యూటరు, దానికి తగిలించిన చిన్న కీబోర్డు. ఆదివారం పొద్దున నాన్న పేపరు చదువుకుంటుంటే వచ్చి పక్కన నిలబడతాడు.

'నాయనా, రెండు వేలు కావల్ల.'

'ఏంటికిరా?'

'ప్రీసెట్ ప్యాకు కొనల్ల.'

ఈ సంభాషణ మీ ఇంట్లో ఇంకా జరక్కపోతే రేపో ఎల్లుండో జరగొచ్చు. ప్యాకు అన్నాడు కదా అని కొరియర్‌లో ఏ డబ్బానో వస్తుందని ఎదురుచూస్తే ఏమీ రాదు. డబ్బులు పోతాయి, కంప్యూటర్‌లో ఓ ఫైలు చేరుతుంది. కొన్ని ప్యాకుల ఫైలు సైజు సెల్‌ఫోన్‌లో తీసిన పెళ్లి ఫొటో అంత కూడా ఉండదు. 'దీనికా రెండు వేలు!' అని పెద్దవాళ్లకు ఒళ్లు మండటం సహజం. కుర్రాడికేమో అది దొరికితే తన పాట సినిమా పాటలా మోగుతుందని ఆశ. ఇద్దరిలో ఎవరిది రైటో తేల్చే ముందు అసలు ఆ ఫైలులో ఏముంటుందో చూడాలి.

పులివెందుల పేరు పేపర్లో ఎక్కువగా రాజకీయాల పేజీలోనే కనబడుతుంది. ఈ వారానికి దాన్ని పాటల పేజీలోకి తెచ్చుకుందాం. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

వంట చీటీ, టిఫిన్ క్యారియరు

సింథసైజర్ అంటే శబ్దాన్ని వండే యంత్రం. ఒకప్పుడు అది ఇద్దరు మోస్తే గానీ కదలని పెట్టె. ఇప్పుడది కంప్యూటర్ లోపల కూర్చునే సాఫ్ట్‌వేర్. జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ కంపెనీ 1996లో వీఎస్టీ అనే పద్ధతి తెచ్చింది. మరో మూడేళ్లకు, 1999లో, వాద్యాలనే సాఫ్ట్‌వేర్‌గా మార్చి అందులో తగిలించుకునే వీలు కల్పించింది. ఆ తరువాత కంప్యూటర్ ఉన్న ప్రతి ఇల్లూ ఓ స్టూడియో కావడానికి దారి పడింది.

ఆ సాఫ్ట్‌వేర్ తెరిస్తే తెరనిండా మరలు... వందల్లో ఉంటాయి. ఒకటి శబ్దం ఎంత వేగంగా మొదలవాలో చెబుతుంది. ఇంకొకటి ఎంతసేపటికి చచ్చిపోవాలో చెబుతుంది. మరొకటి దాని పదును తగ్గిస్తుంది, ఇంకొకటి వణికిస్తుంది. ఎవరో ఓపికగా కూర్చుని, ఆ మరలన్నీ తిప్పి, ఓ మంచి శబ్దం కుదరగానే ఏ మర ఎక్కడుందో రాసిపెట్టుకుంటే అదీ ప్రీసెట్. అలాంటివి ఓ యాభయ్యో వందో కలిపి అమ్మితే అది ప్రీసెట్ ప్యాకు. రేటు సాధారణంగా ఇరవై డాలర్ల నుంచి యాభై డాలర్ల దాకా ఉంటుంది.

కడప వాళ్లకు ఎర్రకారం దోసెతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ఎర్రకారానికి ఎన్ని మిరపకాయలు, ఎన్ని ఉల్లిగడ్డలు, ఎంత ఉప్పు అని రాసిచ్చిన చీటీ ప్రీసెట్. చీటీ తింటే కడుపు నిండదు. పెనం, పొయ్యి, పిండి మన ఇంట్లో ఉండాలి. ఇక శాంపిల్ అని ఇంకొకటుంది. అది నిజంగా వాద్యం వాయించి రికార్డు చేసిన శబ్దం. అంటే టిఫిన్ క్యారియర్‌లో పెట్టి పంపిన వండిన కూరన్నమాట. చీటీ చిన్నది, క్యారియరు బరువు. చాలా ప్యాకుల్లో రెండూ కలిపే ఇస్తున్నారు.

అందుకే కొనేముందు మొదట అడగాల్సిన ప్రశ్న 'ఇది ఏ పొయ్యి మీద ఉడుకుతుంది?' అని. 2014లో వచ్చిన సీరమ్ అనే సాఫ్ట్‌వేర్ కోసం చేసిన ప్యాకు మరో సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోదు. సీరమ్ కొనకుండా సీరమ్ ప్యాకు కొనడమంటే ఇంట్లో పొయ్యి లేకుండా కుక్కరు కొన్నట్టే. అసలు సాఫ్ట్‌వేర్ ఎక్కడో దొంగచాటుగా దింపుకొన్నది అయితే ఆ ఊసే వద్దు. అలాంటి ఫైళ్లతోపాటు వైరస్‌లు కూడా రావచ్చు. నాన్నగారి బ్యాంకు లావాదేవీలు కూడా ఆ కంప్యూటర్‌లోనే ఉంటే పాట ఖరీదు రెండు వేలతో ఆగదు.

మర తిప్పే ఓపిక ఎవరికుంది?

ప్రీసెట్ పుట్టక ముందు సంగీతకారులు నిజంగానే చీటీలు రాసుకునేవారు. సింథసైజర్ బొమ్మ అచ్చు వేసిన కాగితాలుండేవి. ఏ మర ఎక్కడ పెట్టారో వాటి మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, రేపటి కచేరీకి మళ్లీ చూసి తిప్పుకునేవారు. 1978లో అమెరికాలో డేవ్ స్మిత్ తయారు చేసిన ప్రాఫెట్-5 ఆ బాధ తప్పించింది. అది 40 శబ్దాలను తనలోనే గుర్తు పెట్టుకునేది. మీట నొక్కితే చాలు, శబ్దం సిద్ధం.

1983లో యమహా డీఎక్స్7 వచ్చింది. దాని ధ్వని అద్భుతం. కానీ లోపలి లెక్క మాత్రం మామూలు వాద్యకారుడికి కొరకరాని కొయ్య. కొత్త శబ్దం తయారు చేద్దామని కూర్చున్నవాడు అరగంటలో విసిగి లేచిపోయేవాడు. దాంతో కంపెనీ ఇచ్చిన 32 శబ్దాలనే లోకమంతా వాయించింది. అందులోని ఎలక్ట్రిక్ పియానో శబ్దం 1980ల ప్రేమపాటల్లో ఎన్నింటిలో ఉందో లెక్కలేదు. రిపేరుకు వచ్చే డీఎక్స్7లలో చాలావాటిలో కంపెనీ శబ్దాలు చెక్కు చెదరకుండా ఉండేవని, అంటే కొన్నవాళ్లు ఒక్క మర కూడా తిప్పలేదని, ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. అందరూ మర తిప్పలేరు కాబట్టే తిప్పినవాళ్లకు గిరాకీ వచ్చింది. వాళ్లు చేసిన శబ్దాలు అప్పట్లో కార్ట్రిడ్జ్‌లలో అమ్ముడుపోయేవి. ఇప్పటి ప్యాకులకు అవే తాతలు.

మన దగ్గర? 1986లో 'పున్నగై మన్నన్' అనే తమిళ సినిమాకు ఇళయరాజా కంప్యూటర్‌తో సంగీతం నడిపించారు. తెలుగులో అది 'డాన్స్ మాస్టర్'. రాజ్-కోటి ద్వయం దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడు 1992లో 'రోజా'తో ఏఆర్ రెహమాన్‌గా లోకానికి తెలిశాడు. ఆ పాటల్లో జనాన్ని కట్టిపడేసినవి బాణీలు మాత్రమే కాదు, అంతకు ముందు ఎవరూ వినని ఆ శబ్దాలు కూడా. అప్పటినుంచి 'కొత్త సౌండు' అనే మాట సినిమా వాళ్ల నోట్లోనుంచి ఊరి ఆర్కెస్ట్రా వాళ్ల నోట్లోకి వచ్చింది.

ఊళ్లో మాత్రం ఏ కంపెనీ కీబోర్డు అయినా దాని పేరు 'క్యాసియో'నే. యమహా కొన్నా క్యాసియోనే, రోలాండ్ కొన్నా క్యాసియోనే. రామాలయంలో భజనకు క్యాసియో, పద్యనాటకంలో హార్మోనియం పక్కన క్యాసియో, పెళ్లిలో సినిమా పాటలకు క్యాసియో. కంపెనీలు కూడా ఈ గిరాకీని కనిపెట్టాయి. యమహా పీఎస్ఆర్-ఐ425, ఐ455 వంటి మోడళ్లను మన దేశం కోసమే తబలా, తాన్‌పురా పెట్టి అమ్మింది. క్యాసియో కంపెనీ సీటీ-ఎక్స్870ఐఎన్ లాంటివి తెచ్చింది. చివర్లో ఉన్న ఆ 'ఐఎన్' ఇండియాకు గుర్తు. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 మన ఆర్కెస్ట్రాల్లో బాగా పాతుకుపోయింది. వీటిలోకి ఎక్కించుకునే 'టోన్లు', ఆక్టోప్యాడ్‌లోకి ఎక్కించుకునే 'ప్యాచ్‌లు' పెన్‌డ్రైవ్‌ల మీద చేతులు మారుతుంటాయి. పేరు వేరు గానీ ప్రీసెట్ ప్యాకు వ్యాపారం మన ఊళ్లకు కొత్తేమీ కాదన్నమాట.

హెలికాప్టర్ ఉంది, మృదంగం లేదు

ఇప్పుడు అసలు సంగతి. 1991లో వాద్య కంపెనీలన్నీ కలిసి ఓ ఒప్పందానికి వచ్చాయి. ఏ కంపెనీ కీబోర్డులోనైనా ఏ నంబరు నొక్కితే ఏ వాద్యం మోగాలో ఒకే జాబితా ఉండాలని. దాని పేరు జనరల్ మిడి. మొత్తం 128 శబ్దాలు. ఇది ప్రపంచమంతటికీ ఓ ఉమ్మడి ప్రీసెట్ ప్యాకు లాంటిది. ఇవాళ్టికీ చాలా కీబోర్డుల్లో, సాఫ్ట్‌వేర్లలో ఆ వరుస అలాగే ఉంది.

1వ నంబరు పియానో. ఒక్క పియానో జాతికే మొదటి ఎనిమిది చోట్లు. మన దేశం రావాలంటే 105 దాకా ఆగాలి. అక్కడ సితార్ ఉంటుంది. తరువాత అమెరికా బాంజో, జపాన్ వాద్యాలు రెండు, ఆఫ్రికా కలింబా, 110లో బ్యాగ్‌పైప్... అంటే మన తిత్తికి దూరపు చుట్టం. 111లో ఫిడేలు. 112లో 'షనాయ్'. అంతే, మన కోటా అయిపోయింది. మృదంగం లేదు. తబలా లేదు. డోలు లేదు. జపాన్ వాళ్ల పెద్ద డోలు 'టైకో' మాత్రం 117లో ఉంది. చివరి ఎనిమిదింటిలో ఏమున్నాయో తెలుసా? సముద్రపు హోరు, పిట్ట కూత, టెలిఫోన్ మోత, హెలికాప్టర్, చప్పట్లు వగైరా. 128వది, ఆఖరిది, తుపాకి మోత! (మా రాయలసీమ మీద సినిమాలు తీసేవాళ్లకు ఆ ఒక్కటీ చాలని జాబితా రాసినవాళ్లు అనుకుని ఉంటారు.)

ఆ 112వ నంబరు నొక్కి చూడండి. మోగేది ఉత్తరాది షెహనాయ్‌కి బొమ్మ గీసినట్టుండే శబ్దం. మన పెళ్లిళ్లలో వినబడే నాదస్వరం కాదు. మనం దాన్నీ సన్నాయే అంటాం గానీ అది పొడవు వేరు, గొంతు వేరు. పైగా అసలు తేడా గొంతులో కూడా లేదు, జారుడులో ఉంది. నాదస్వరానికి మీటలుండవు. వేలు రంధ్రాన్ని ఎంత మూసింది, పీకలోకి ఊపిరి ఎంత ఒత్తిడితో వెళ్లింది... ఈ రెండిటి మధ్యే గమకం పుడుతుంది. ఒక స్వరానికీ మరో స్వరానికీ మధ్య ఉన్న దారంతా సంగీతమే. కీబోర్డు మీద ఆ దారి లేదు. మెట్టు మీదనుంచి మెట్టు మీదకి దూకడమే. శబ్దాన్ని వంచడానికి పక్కన ఓ చక్రం ఉంటుంది. కానీ మామూలుగా అది రెండు మెట్ల దూరమే వంచుతుంది.

ఈ గొడవ క్యాసియోతో మొదలు కాలేదు. హార్మోనియం నాటిది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన హార్మోనియానికి కూడా మెట్లే. గమకం పలకదు, మన శ్రుతులకు సరిపోదు అని ఆకాశవాణి 1940 మార్చి 1 నుంచి హార్మోనియాన్ని నిషేధించింది. ఒకటీ రెండూ కాదు, 1971 దాకా ముప్పై ఏళ్లకు పైగా ఆ నిషేధం సాగింది. కడపలో ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. అంటే తొలి ఎనిమిదేళ్లూ అది హార్మోనియానికి తలుపు మూసిన కేంద్రమే.

మరి అదే కడప జిల్లాలో తలుపు బయట ఏం జరిగింది? పులివెందుల నియోజకవర్గంలోనే ఉన్న చక్రాయపేట మండలంలో సురభి అని ఓ ఊరుంది. 1885లో అక్కడ వనారస గోవిందరావు ఆధ్వర్యంలో 'కీచకవధ' నాటకం ఆడారు. ఆ ఊరి పేరే సురభి నాటక సమాజాలకు ఇంటిపేరయ్యింది. ఆ సమాజాలు ఊరూరా తిరిగితే వాటితో హార్మోనియం కూడా తిరిగింది. రేడియో కాదన్న వాద్యం పద్యనాటకానికి ప్రాణమయ్యింది. ఎలా? హార్మోనిస్టు గమకం వాయించలేదు, నటుడు పాడాడు. రాగం తీసే నటుడి గొంతు ఎక్కడ జారుతుందో తెలిసిన హార్మోనిస్టు అక్కడ వేలు తేలిక చేసి, గొంతుకు దారి ఇచ్చాడు. వాద్యంలో లేనిదాన్ని చెవి భర్తీ చేసింది. పల్లెటూరి చెవి తనకు కావలసినట్టు పెట్టెను వంచుకుంది తప్ప, పెట్టెకు తాను వంగలేదు.

నా మట్టుకు నాకు ప్రీసెట్ ప్యాకుల విషయంలో నచ్చనిది సరిగ్గా ఇక్కడే ఉంది. ప్యాకు కొంటే మనం శబ్దం ఒక్కటే కొనడం లేదు, ఎవరో ఎక్కడో కూర్చుని 'ఇది బాగుంది, ఇక్కడ ఆపుదాం' అనుకున్న చెవిని కొంటున్నాం. ఆ చెవి బెర్లిన్‌ది కావచ్చు, లాస్ ఏంజెలస్‌ది కావచ్చు. అందులో తప్పు లేదు. బెర్లిన్ పాట చేసుకోవాలంటే ఆ చెవే కావాలి. కానీ పెద్దమ్మ జాతరకు పాట చేయాలన్నా, శ్రీరామనవమికి చెక్కభజన పాట చేయాలన్నా మన కుర్రాడు అదే చెవిని అద్దెకు తెచ్చుకుంటే ఎలా?

'మన వాద్యాలతో సాఫ్ట్‌వేర్లు లేవా?' అంటారేమో, ఉన్నాయి. స్విట్జర్లాండ్‌కు చెందిన స్వర్ సిస్టమ్స్ ఎప్పటినుంచో సితార్, సరోద్, బాన్సురి, మృదంగం వంటివి సాఫ్ట్‌వేర్‌గా అమ్ముతోంది. జర్మనీ కంపెనీ నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ 'ఇండియా' పేరుతోనే ఒకటి తెచ్చింది. మంచి పనితనమే. కాకపోతే కచేరీ వేదిక ఎక్కిన వాద్యాలకే వాటిలో పెద్దపీట. అనంతపురం వైపు వినిపించే ఉరుమును తీసుకోండి. ఒకవైపు పుల్లతో కొడతారు, రెండోవైపు వంకర పుల్లతో చర్మాన్ని రుద్దుతారు. ఆ రుద్దుడుకు లోపల్నుంచి మూలిగినట్టు ఓ ధ్వని వస్తుంది. సింథసైజర్‌లో అలాంటి శబ్దం కోసం ఎందరో రాత్రులు మేలుకుని మరలు తిప్పుతారు. కదిరి రోడ్డు పట్టుకుని కాస్త దూరం పోతే మనకది ఊరి తిరునాళ్లలోనే దొరుకుతుంది.

ఇంకో ముచ్చట. స్పెక్ట్రసానిక్స్ అనే అమెరికా కంపెనీ 2008లో ఆమ్నిస్ఫియర్ అనే సాఫ్ట్ సింథసైజర్ తెచ్చింది. సినిమా సంగీతం చేసేవాళ్లలో దాని పేరు తెలియనివాళ్లు అరుదు. 2015లో వచ్చిన రెండో రూపంలో 12 వేలకు పైగా శబ్దాలున్నాయి. ఇన్ని ఉన్నా దానికీ కొత్త ప్యాకులు వస్తూనే ఉన్నాయి, అమ్ముడవుతూనే ఉన్నాయి! వింత శబ్దం కోసం ఆ కంపెనీ వాళ్లు ఓ పియానోకు నిప్పంటించి, అది కాలుతుండగా తీగెలు తెగే మోతను రికార్డు చేశారు. ప్రపంచమంతా అబ్బురపడింది. మన తప్పెటను, పలకను కొట్టేవాళ్లు ప్రతి జాతరకూ, ప్రతి పీర్ల పండక్కూ గడ్డి మంట వేసి చర్మం కాపుకునే మొదలుపెడతారు. నిప్పుతో శబ్దం చేయడం మనకు కొత్త కాదు. దాన్ని ప్యాకు చేసి రేటు కట్టడమే మనకు రాలేదు.

మేళంలో ఎవరు మిగిలారు?

శబ్దాల సంగతి ఇలా ఉంటే మనుషుల సంగతి ఇంకోలా ఉంది. పూర్వం మేళంలో సన్నాయి వాయించే ఆయన పక్కన శ్రుతి పట్టడానికే ఓ మనిషి ఉండేవాడు. గాలి ఆగకుండా ఒక్కటే స్వరం ఊదుతూ గంటల తరబడి కూర్చోవడం ఆయన పని. 1970ల చివర్లో బెంగళూరులో జి. రాజ్‌నారాయణ్ అనే ఇంజినీరు, ఆయన వేణువు విద్వాంసుడు కూడా, ఎలక్ట్రానిక్ తంబూరా తయారు చేశారు. ఆయన స్థాపించిన రాడెల్ కంపెనీ శ్రుతిపెట్టెలు దక్షిణాదంతా పాకాయి. మేళానికి అది ఎంతో సౌకర్యం. శ్రుతి తప్పదు, అలసిపోదు, భోజనం అడగదు. కానీ శ్రుతి పట్టే మనిషి కుర్చీ ఖాళీ అయ్యింది. చాలా ఇళ్లలో కుర్రాడు విద్య నేర్చుకోవడానికి మొదట కూర్చునేది ఆ కుర్చీలోనే. నాన్న పక్కన శ్రుతి పడుతూ వింటూ వింటూ సన్నాయి నేర్చుకునేవాడు. పోయింది ఓ కూలి ఒక్కటే కాదు, ఓ బడి కూడా.

తరువాతి వంతు మేళానిదే అయ్యింది. చిన్న పెళ్లిళ్లలో సౌండ్ సిస్టం వాళ్లే మంగళవాద్యం పెట్టేస్తున్నారు. పంతులు చెయ్యెత్తి 'గట్టిమేళం' అనగానే ల్యాప్‌టాప్ దగ్గరున్న అబ్బాయి ఓ మీట నొక్కుతాడు. ఒక్కోసారి ఫోన్ చూసుకుంటూ నొక్కడం మరిచిపోతాడు, తాళి కట్టేశాక మోగుతుంది. డోలు వాయించే ఆయన అలా కాదు. పీటల మీద ఏం జరుగుతోందో కళ్లప్పగించి చూస్తుంటాడు. తలంబ్రాల దగ్గర నవ్వులు పెరిగితే చేతి వేగం పెంచుతాడు. తాళి ముడి ఆలస్యమైతే ముక్తాయింపు సాగదీస్తాడు. ఏ ప్యాకులోనూ ఆ చూపు రాదు.

అయినా మేళానికి ఇచ్చే డబ్బు దగ్గర బేరాలాడే మనమే డీజే బాక్సులకు అడిగినంత ఇస్తున్నాం. ఈ పరిస్థితిలో సన్నాయి వాయించే ఆయన దగ్గరకు ఓ కుర్రాడు మైకు పట్టుకుని వెళ్లి 'మామా, మీ సన్నాయి రికార్డు చేసుకుని ప్యాకు చేస్తా' అంటే ఆయనకు అనుమానం రావడం న్యాయమే. ఉన్న నాలుగు పెళ్లిళ్లు కూడా ఆ ప్యాకే తినేస్తుందేమో!

దీనికి చట్టం కొంత సమాధానం చెబుతుంది. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శకులకు కూడా హక్కు ఇచ్చింది. వాయించిన మనిషి ఒప్పుకోకుండా ఆ వాయిద్యాన్ని రికార్డు చేసి అమ్ముకోకూడదు. 1999లో ఆ హక్కు గడువును 50 ఏళ్లకు పెంచారు. 2012 సవరణ వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ అడిగే వీలు కల్పించింది. ఇది విజయవాడ, చెన్నై గాయకులకే కాదు, తొండూరులోనో లింగాలలోనో డోలు వాయించే ఆయనకూ వర్తిస్తుంది.

కానీ ఓ మెలిక ఉంది. రికార్డు చేస్తే, అంటే టిఫిన్ క్యారియర్ పద్ధతిలో, చట్టం ఆయన పక్షాన నిలబడుతుంది. చీటీ పద్ధతిలో చేస్తే? కుర్రాడు సన్నాయి ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని, 'ఇట్లుందా మామా? ఇంకొంచెం జారల్లా? ఊపిరి ఎక్కువైందా?' అని అడుగుతూ సింథసైజర్ మరలే తిప్పాడనుకోండి. చివరికి తయారైన ప్రీసెట్‌లో ఆయన ఊదిన గాలి ఒక్క క్షణం కూడా లేదు. మరల లెక్కలు మాత్రమే ఉన్నాయి. చట్టం లెక్కలో ఆయనది ప్రదర్శన కాదు. అయినా ఆ శబ్దానికి ప్రాణం పోసింది ఆయన చెవే. నలభై ఏళ్ల అనుభవం ఉన్న ఆ చెవికి ఏ సెక్షనూ రేటు కట్టదు కాబట్టి మనమే కట్టాలి. ముందే తెలుగులో ఓ కాగితం రాసుకోవాలి. కూర్చున్న రోజుకు ఇంత, అమ్మిన ప్రతి ప్యాకుకూ ఇంత, ప్యాకు మీద పేరు. పెద్ద కంపెనీలు తమ ప్యాకుల మీద తయారుచేసినవారి పేర్లు గొప్పగా వేసుకుంటాయి. మన మేళం ఆయన పేరు 'ఫోక్ ఆర్టిస్ట్' కింద మాయమైపోవాల్సిన అవసరం లేదు.

రెండు వేలు దాచి పని మొదలుపెట్టాలంటే

ఇంతకీ ఆ ఇంటర్ కుర్రాడికి రెండు వేలు ఇవ్వాలా, వద్దా? ఇంకా ఏమీ నేర్చుకోకముందే అయితే వద్దంటాను. ఖర్చు లేకుండా దొరికే సాఫ్ట్ సింథసైజర్లు ఇప్పుడు బ్రహ్మాండంగా ఉన్నాయి. 2020లో వచ్చిన వైటల్‌కు ఉచిత రూపం ఉంది. సర్జ్ ఎక్స్‌టి అనేది పూర్తిగా ఉచితం. 2018లో దాన్ని తయారుచేసినాయన అందరికీ బట్టబయలుగా ఇచ్చేశాడు, అప్పటినుంచి ఎందరో కలిసి పెంచుతున్నారు. వీటిలో ఇంకో సుగుణం ఉంది. పియానో పన్నెండు మెట్లకే కట్టుబడి ఉండనక్కర్లేదు, స్వరస్థానాలను మనకు కావలసినట్టు జరుపుకోవచ్చు. ఆకాశవాణి హార్మోనియం మీద మోపిన నేరాల్లో ఒకటి ఇక్కడ కొట్టివేసినట్టే.

మొదట సన్నాయితోనే మొదలుపెట్టమనండి. ఒకసారికి ఒకే స్వరం పలికేటట్టు పెట్టుకోవాలి, సన్నాయి రెండు స్వరాలు ఒకేసారి పలకదు కదా! స్వరం నుంచి స్వరానికి జారే వేగం పెంచాలి, తగ్గించాలి, వినాలి. వంచే చక్రాన్ని రెండు మెట్ల దగ్గర వదిలెయ్యకుండా ఇంకా దూరం వంగేలా పెట్టాలి. ఊపిరి పెరిగితే శబ్దం పదునెక్కేలా ఓ మరను కలపాలి. వారం రోజులు కుస్తీ పడితే ఓ మోస్తరు శబ్దం వస్తుంది. అది పట్టుకుని మేళం ఆయన దగ్గరకు వెళ్తే ఆయన నవ్వుతాడు. నవ్వాక ఏం తప్పో చెబుతాడు. ఆ చెప్పడం ఏ ప్యాకులోనూ దొరకదు. తిరుపతిలో టీటీడీ వారి నాదస్వర, డోలు పాఠశాల ఉంది. అక్కడ చదివినవాళ్లెవరైనా దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది, స్వరం పేరు పెట్టి మరీ చెప్పగలరు. ఇంత పనీ చేశాక ఇంకేదో ప్యాకు కావాలని అడిగితే అప్పుడు నిరభ్యంతరంగా కొనివ్వండి. ఎందుకంటే అప్పటికి వాడికి ఏది కొనాలో తెలుస్తుంది. అమ్మేవాళ్లు వినిపించే డెమో పాటలో డప్పులూ, ప్రతిధ్వనులూ కలిసి అన్నీ బాగానే ఉంటాయి. శబ్దాన్ని విడిగా వినిపించేవాళ్ల దగ్గరే కొనమనండి.

రికార్డు పద్ధతిలో చేసేవాళ్లకు తప్పెట మంచి ఆరంభం. దానికి పెద్ద స్టూడియో అక్కర్లేదు. ఎండ దిగాక ఊరి బయట కళ్లం చాలు, కాకపోతే బోరు మోటారు ఆపించాలి. లావు పుల్ల దెబ్బలు విడిగా, సన్న పుల్ల దెబ్బలు విడిగా, అంచు మీదవి విడిగా తీసుకోవాలి. ఒక్కో దెబ్బా మెల్లగా, మధ్యరకంగా, గట్టిగా. ఇక్కడో చిక్కుంది. మంట దగ్గరనుంచి తీసిన తప్పెట ఖంగుమంటుంది. చల్లారేకొద్దీ శ్రుతి దిగిపోతుంది. పుస్తకం చూసి రికార్డు చేసేవాళ్లు దాన్ని దోషమనుకుని మాటిమాటికీ కాపిస్తారు. అలా చేయకండి. వేడి మీద ఒకసారి, సగం చల్లారాక ఒకసారి, పూర్తిగా దిగాక ఒకసారి, మూడు వరుసలూ తీసుకోండి. జాతరలో అర్ధరాత్రి మోగేది ఆ మూడోదే.

ఫైళ్లకు పేర్లు పెట్టే దగ్గర మాత్రం ఇంగ్లిషు వెతుక్కోవద్దు. రోలాండ్ డీ-50లో 'ఫాంటాసియా' అని, కార్గ్ ఎం1లో 'యూనివర్స్' అని పేర్లు పెట్టుకున్నవాళ్లు వాళ్ల భాషలో వాళ్లు పెట్టుకున్నారు. ఆ మూడు వరుసలకూ ఏం పేర్లు పెట్టాలో తప్పెట కొట్టిన ఆయన్నే అడగండి. ఆయన దగ్గర ముందే ఉండి ఉంటాయి.